కాయకములో బిడ్డ పాలు

కూడలసంగమమున మలప్రభను తనలో కలుపుకొనిన కృష్ణవేణి, శ్రీశైల మల్లికార్జునుని కొండ క్రిందుగా ప్రవహించి, నల్లమల దాటి, ఇబ్రహీంపట్నము చేరును. బసవేశ్వరుడు విద్య నేర్చినదియు, కడపట లింగైక్యము నొందినదియు ఆ సంగమ క్షేత్రముననే. ఇబ్రహీంపట్నమున ఫెర్రీ యొద్ద 2015లో మరియొక సంగమము ఏర్పడినది. పట్టిసీమ ఎత్తిపోతలచే గోదావరి జలము కాలువ వెంబడి వచ్చి ఇచట కృష్ణలో కలియ నారంభించినది. 2016 ఆగస్టు పుష్కరముల నాటికి దానికి పవిత్ర సంగమమని పేరిడి స్నానఘట్టములు కట్టిరి. రెండు మహానదులను కలుపుట మనుష్యునకు సాధ్యమైనది. ఒకే కప్పు క్రింద నున్న తల్లిదండ్రులను, బిడ్డలను కలుపుట మాత్రము అంతకంటె కష్టమైనదిగా కనబడుచున్నది.

ఈ మాటకు కారణము కలదు. ఇబ్రహీంపట్నము పనికి, వేళగాని వేళలకు క్రొత్త కాదు. 1979లో ఇచట థర్మల్ విద్యుత్కేంద్రపు మొదటి యూనిట్ పనిచేయ నారంభించినది. నేడది నార్ల తాతారావు గారి పేర నున్నది. రాత్రి షిఫ్టు అను మాట ఈ యూరి పిల్లలకు నాటినుండియు తెలిసినదే. తండ్రి చీకటి పడిన పిదప పనికి పోవుటయు, పగలు నిద్రించుటయు, తల్లి పిల్లల నోటిపై వ్రేలుంచి చప్పుడు చేయవద్దని చెప్పుటయు ఎన్నో ఇండ్ల అనుభవము. అయినను ఆ పనికొక గేటు ఉండెను. షిఫ్టు ముగిసినవాడు గేటు దాటి వచ్చిన పిమ్మట బాయిలరు అతని వెంట ఇంటికి రాలేదు.

పొరుగున నున్న కొండపల్లిలో మరియొక విధమైన పని కలదు. అచట పనికి గేటు లేదు. తెల్లపొణికి కర్రను చెక్కుట, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపి మక్కు చేసి అతుకుట, రంగులు వేయుట అన్నియు ఇంటి పట్టుననే జరుగును. తండ్రి చెక్కుచుండగా తల్లి రంగు వేయును. బిడ్డ పొట్టులో ఆడుకొనుచునే అంబారీ ఏనుగు ఎట్లు రూపొందునో చూచును. పని ఇంటిలోనే యున్నను అది బిడ్డ కంటికి కనబడును, చేతికి తగులును. తన తల్లిదండ్రులేమి చేయుదురో ఆ బిడ్డకు ఎవరును వివరింప నక్కరలేదు.

ఇప్పుడు వచ్చిన మూడవ విధపు పనికి ఈ రెండు గుణములును లేవు. దానికి గేటు లేదు, అది బిడ్డకు కనబడదు. 2020 మార్చిలో మహమ్మారి కారణమున దేశమంతట లాక్‌డౌన్ విధింపబడగా సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ ఉద్యోగులను ఇండ్లనుండి పని చేయుడనెను. హైదరాబాదు, బెంగుళూరులలో అద్దె ఇండ్లు విడిచి అనేకులు స్వస్థలములకు చేరిరి. 2023 నాటికి పెద్ద కంపెనీలు పెక్కు మరల కార్యాలయములకు పిలిచినను, కొందరికి పూర్తిగను, కొందరికి వారములో కొన్ని దినములును ఇంటి పని నిలిచినది. 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ముఖ్యమంత్రి స్త్రీలకు ఇట్టి పని విస్తృతముగా కల్పింతుమని ప్రకటించిరి. కనుక ఇది నాలుగు దినములలో గడచిపోవు ముచ్చట కాదు. ధర్మమును ఆశ్రయించిన కుటుంబములు దీనినిగూర్చి ఆలోచింపవలసియే యున్నది.

అట్టి ఇంటినొకదానిని తలచుకొనవచ్చును. భార్యాభర్తలిరువురును రెండు కంపెనీలలో ఉద్యోగులు. కార్యాలయములు హైదరాబాదులో, పని అమెరికా వారిది. తొమ్మిదేండ్ల ఆడపిల్ల, నాలుగేండ్ల మగపిల్లవాడు, వృద్ధురాలైన నాయనమ్మ. రెండు పడకగదుల ఫ్లాటులో ఒక గది ఆయన కార్యాలయము, రెండవ గది ఆమె కార్యాలయము. మిగిలిన హాలులోనే పిల్లల చదువు, ఆట, నాయనమ్మ పూజ. అమెరికా తూర్పు తీరమున ఉదయము తొమ్మిదిన్నర అగుసరికి ఇచట వేసవిలో రాత్రి ఏడు గంటలు, శీతకాలమున ఎనిమిది. అనగా వారి దినము మొదలగుట, ఇచట దీపము పెట్టుట, పిల్లలకు అన్నము కలుపుట దాదాపు ఒకే వేళ. ఆ వేళకు రెండు గదుల తలుపులును మూసికొనును. నాయనమ్మ ఇష్టలింగమును కరపీఠమున నిలిపి విభూతి పెట్టుచుండగా పిల్లవాడు మూసిన తలుపు వద్ద నిలిచి అడుగును:

"నానమ్మా, అమ్మ ఇంట్లో ఉందా, ఆఫీసులో ఉందా?"

"ఇంట్లోనే ఉంది నాన్నా."

"మరి పిలిస్తే రాదేం?"

ఈ ప్రశ్నకు నాయనమ్మ వద్ద సమాధానము లేదు. ఆ తల్లి వద్దను లేదు. బిడ్డ పిలుపు ఆమెకు వినబడకపోలేదు. చెవులకు తగిలించుకొనిన యంత్రములో మేనేజరు కంఠమును, తలుపవతల బిడ్డ కంఠమును ఒక్కసారియే వినబడుచుండగా ఆమె మైకు నొక్కి నిశ్శబ్దము చేసి, తలుపు వైపు తిరిగి, మరల తెర వైపు తిరుగును. దూరపు కార్యాలయమునకు పోవు తల్లికి ఈ బాధ లేదు. ఆమె దూరమున నున్నది, బిడ్డకును ఆ సంగతి తెలియును. ఇంటనున్న తల్లి బిడ్డకు అందునంత చేరువలో నుండియు అందదు. ఎడబాటులో ఇదియొక క్రొత్త రకము, పెద్దలు ఎరుగనిది.

తెరమీద పేరు ప్రక్కన ఒక పచ్చచుక్క యుండును. ఉద్యోగి పనిలో నున్నాడనుటకు అది గుర్తు. కొద్ది నిమిషములు మీటలు కదలకున్న అది పసుపుపచ్చగా మారును. బిడ్డ ముక్కు తుడిచి వచ్చుసరికి చుక్క రంగు మారియుండుననియు, పైవారు చూతురనియు ఎందరో తల్లులు భయపడుదురు. అఖండదీపమును కొండెక్కనీయక కాచిన పూర్వుల శ్రద్ధ నేడు ఈ చుక్కమీదికి మరలినది. నవ్వుదమన్నను నవ్వు రాదు.

"కాయకమే పరమమని శరణులు బోధింపలేదా? రాత్రింబవళ్లు పని చేయుటలో దోషమేమి?" అని అడుగువారు కలరు. ఈ వాదము పైకి చక్కగనే యుండును. పడవ నడపిన అంబిగర చౌడయ్య, బట్టలుతికిన మడివాళ మాచయ్య, నూలు వడికిన కదిర రెమ్మవ్వ తమ తమ పనులలోనే శివుని చూచిరి. కంప్యూటరు ముందు కూర్చుండి ఎక్కడివో లెక్కలు సరిచూచువాడును వారి వరుసలోనివాడే, సందేహము లేదు. పనిలో ఎక్కువ తక్కువలు లేవనుట బసవేశ్వరుని ధర్మమునకు మూలము. కాని కాయకమనగా వట్టి పని కాదు, వట్టి జీతమును కాదు. సత్యశుద్ధమైన శ్రమ ఒకటి, తనకు న్యాయముగా చెందినంతమాత్రమే గ్రహించుట రెండవది, గ్రహించినదానిని దాసోహము చేయుట మూడవది. ఈ మూడును కూడిననే అది కాయకము. మూడింటిలో మొదటిదానిని మాత్రము పట్టుకొని మిగిలిన రెంటిని విడిచినవాడు ఎంత శ్రమించినను కూలివాడగునే గాని కాయకజీవి కాడు.

నులియ చందయ్య కథనుకూడ ఇట్లే వక్రముగా చెప్పుదురు. గడ్డి కోసి త్రాళ్లు పేనుట అతని కాయకము. ఒకనాడు మెడలోని ఇష్టలింగము జారి నీటబడగా అతడు దానికై ఆగక తన పని కొనసాగించెననియు, లింగమే అతని వెంటబడెననియు ఐతిహ్యము. "చూచితిరా, లింగముకంటె పనియే మిన్న" అని దీనికి అర్థము చెప్పిన అది చందయ్యకు అపచారము. అతడు పేనిన త్రాడు అమ్మి తెచ్చినది జంగమ దాసోహమునకు పోయెను. ఎదురుచూచు జంగముని ఆకలి తీర్చుటకై అతడు లింగమును కూడ వేచియుండుమనెను. ఎవరి ఆకలియు తీర్చని అధికపు గంటలకై బిడ్డను వేచియుండుమనువాడు చందయ్య పేరు తలచుటకు అర్హుడు కాడు.

బసవేశ్వరుడును జీతము తీసికొని కొలువు చేసినవాడే. కల్యాణమున కలచుర్య బిజ్జలుని కొలువులో మామ బలదేవుని తరువాత దండనాయకుడై భండారము చూచెను. రాజధనము జంగములకు పెట్టుచున్నాడని కొండెములు చెప్పగా, బిజ్జలుడు భండారము తెరిపించి లెక్క చూచెననియు, ఒక్క మాడయు తగ్గలేదనియు పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. యజమాని సొమ్ము యజమానికి చెందవలెను. ఇందులో సందేహమునకు తావు లేదు. కంపెనీ గంటలలో కంపెనీ పనియే చేయవలెను. చుక్క పచ్చగా నుండుటకై మీటలను ఊరక కదలించు యంత్రములు కొనుట కొలువునకు ద్రోహము. అయితే ఈ భండారపు కథ రెండు వైపుల పదునుగల కత్తి. రాజు సొమ్ములో మాడ తగ్గరాదన్న నియమమే బిడ్డ సొమ్మునకును వర్తించును. ఇంటిలో బిడ్డకు చెందిన భండారమొకటి యున్నది. అది సాయంకాలము. దానిలోనుండి దినదినము ఎవరు తీసికొనుచున్నారో, ఎంత తీసికొనుచున్నారో లెక్క చూచువారు లేరు.

ఇచట ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము తలచుట ఉచితము. ఈ దంపతులు కల్యాణమున నేల రాలిన బియ్యపు గింజలను ఏరి, వండి, జంగములకు పెట్టి, మిగిలినది తాము తినుచుండిరి. అంతకంటె పేద కాయకము ఊహింప శక్యము కాదు. ఒకప్పుడు మారయ్య అనుభవ మంటపమున శివానుభవ గోష్ఠిలో మునిగి తన పని మరచెను. లక్కమ్మ వచ్చి, కాయకపు వేళ దాటుచున్నది లెమ్మని హెచ్చరించెను. గోష్ఠి యెంత పవిత్రమైనను ఆమె ఉపేక్షింపలేదు. మరియొకప్పుడు మారయ్య నిత్యముకంటె అధికముగా బియ్యము మూటగట్టి తెచ్చెను. దారిలో గింజలు విస్తారముగా పడియుండెను, ఏరి తెచ్చెను, అంతే. దొంగతనము కాదు. లోకదృష్టిలో అది శ్రమకు ఫలము, ఇల్లాలు సంతోషింపవలసిన సంగతి. లక్కమ్మ మూట విప్పలేదు. ఇంత ఎందుకు తెచ్చితివి, ఈ ఆశ మనకెక్కడిది, అధికమైనదానిని తీసికొనిపోయి అచటనే పోసి రమ్మని వెనుకకు పంపెను. మారయ్య పోసి వచ్చెను.

ఈ కథను చెప్పువారు సాధారణముగా పేదరికమును, నిరాశను కొనియాడి ముగింతురు. గమనింపవలసినది వేరొకటి కలదు. తగ్గినపుడును, హెచ్చినపుడును కొలత పట్టినది ఇంటిలోని మనిషి. ఎంత పని చాలునో బయటివాడు నిర్ణయింపలేదు. కల్యాణపు వీధిలో పడియున్న గింజలు నిర్ణయింపలేదు. రేపు జంగముడు వచ్చినపుడు ఎన్ని గింజలు కావలెనో ఎరిగిన లక్కమ్మ నిర్ణయించెను. నేటి ఇండ్లలో ఈ కొలత తారుమారైనది. వీధిలో గింజలు ఎన్ని పడియున్నచో అన్నియు ఏరవలసినదేనని యజమాని చెప్పును, ఏరినకొలది పడుచునే యుండును, మూట వెనుకకు పంపువారు ఎవరును లేరు.

మారయ్యకును నేటి ఉద్యోగికిని భేదము లేదనుట న్యాయము కాదు. మారయ్య మూట వెనుకకు పోసిన అతని నెవరును పనినుండి తొలగింపరు. గృహఋణపు వాయిదా, బడి ఫీజు, వృద్ధుల మందులు నెల మొదటి వారముననే వచ్చి నిలుచును. ఒక జీతము ఆగిన ఇల్లు కదలిపోవును. రాత్రి సమావేశమునకు రాలేనని చెప్పిన స్త్రీని ఇంటి బాధ్యతలు గలదని తరువాతి పదోన్నతికి ప్రక్కన పెట్టుట లేదని ఎవరు చెప్పగలరు? కనుక తల్లిదండ్రులను మాత్రమే నిందించు ధర్మబోధ సగము బోధ. ఉద్యోగి సాయంకాలమును అడుగకయే పుచ్చుకొను యజమాని, లక్కమ్మ యింటిలోని గింజలను తన గాదెకు చేర్చుకొనుచున్నాడు. అతడు శివభక్తుడైనను, గుడికి గోపురము కట్టించినను ఆ లెక్క మారదు.

ఆ బరువు స్త్రీపురుషులపై సమానముగా పడుట లేదు. 2024లో కేంద్రప్రభుత్వము జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపనులు చేయు స్త్రీలు వానికై దినమునకు సగటున 289 నిమిషములు వెచ్చింపగా పురుషులు 88 నిమిషములు వెచ్చించినట్లు తేలినది. పిల్లలను, వృద్ధులను చూచుకొనుటకు స్త్రీలు 137 నిమిషములు, పురుషులు 75. భర్తయు ఇంటనే యున్నాడు గదా యని సంతోషించిన ఇల్లాలికి, ఆయన ఇంటనుండుటవలన పెరిగినది మధ్యాహ్నపు వంటయే యని కొన్నాళ్లకు తెలియును. అనుభవ మంటపమున స్త్రీకి పురుషునితో సమానమైన పీఠమిచ్చిన ధర్మమును మెడలో ధరించి, అన్నము తిన్న కంచమును ఆమె తీయునని అచటనే విడిచి లేచుట ఏ ఆచారమున చెప్పబడినది?

బిడ్డను చూచుట సంసారపు తాపత్రయమనియు, పూజ వేరనియు భావించువారికి బసవపురాణములోని బెజ్జ మహాదేవి సమాధానము. శివునకు తల్లి లేదని ఆమె తలపోసెను. తల్లియే యున్నచో ఆయన బూడిద పూసికొని, విషము త్రాగి, ఎముకలు తాల్చి తిరుగనిచ్చునా యని దుఃఖించి, తానే తల్లియై లింగమును బిడ్డగా పెంచెను. నూనె రాచి నీళ్లు పోసెను, కాటుక దిద్దెను, పాలు పట్టెను. శివుడు ఆమె ప్రేమను పరీక్షింపదలచి జబ్బు నటింపగా ఆమె ప్రాణము విడువ సిద్ధపడెను. శివుడు ప్రత్యక్షమయ్యెను. మంత్రము, తంత్రము, శాస్త్రము ఏదియు ఆమెకు తోడు కాలేదు. ఒళ్లు రుద్ది నీళ్లు పోయుటయే ఆమెకు అర్చనమైనది. బిడ్డకు తల దువ్వు పది నిమిషములను పూజలో చేర్చుకొనవచ్చునా యని సంశయించు తల్లులకు ఇంతకంటె ప్రమాణము అక్కరలేదు.

అదే కావ్యమున గొడగూచి కథ కలదు. అది తండ్రులు వినవలసినది. శివునకు నిత్యము పాలు ఆరగింపు చేయు భక్తుడొకడు పనిమీద పొరుగూరు పోవుచు, తాను వచ్చువరకు ఆ పని చేయుమని తన చిన్న కూతురు గొడగూచికి అప్పగించెను. ఆ పిల్ల పాలు కాచి తీసికొనిపోయి లింగము ముందు పెట్టి త్రాగుమనెను. శివుడు త్రాగలేదు. నైవేద్యమనగా చూపి తెచ్చుకొనుటయని ఆ బిడ్డకు తెలియదు, త్రాగుటయే యని నమ్మినది. నాన్న కోపించునని ఏడ్చినది, బ్రతిమాలినది, తల పగులగొట్టుకొందునన్నది. శివుడు త్రాగెను. నాటినుండి దినదినము త్రాగుచుండెను. తండ్రి తిరిగివచ్చి ప్రసాదమేదని అడుగగా, శివుడు త్రాగినాడని ఆ పిల్ల చెప్పెను. తండ్రి నమ్మలేదు. పాలు నీవే త్రాగితివని గద్దించి, చూపుమని వెంట నడచెను. భయపడిన బిడ్డ పరుగెత్తి లింగమును కౌగిలింపగా శివుడు ఆమెను తనలో చేర్చుకొనెను.

భక్తుని ఇంట జరిగిన కథ యిది. తండ్రి దుర్మార్గుడు కాడు, నియమము తప్పనివాడు. తాను లేనపుడు బిడ్డ ఎట్టి దినములు గడపెనో అతడు అడుగలేదు. పాత్రలో పాలు మిగిలెనా లేదా యనునది మాత్రమే చూచెను. గది తలుపు తెరచుకొని రాత్రి పదింటికి వెలుపలికి వచ్చిన తండ్రి మొదట అడుగు ప్రశ్న ఏది? "హోంవర్కు అయిందా? అన్నం తిన్నావా? ఫోను ఎందుకు చూశావు?" ఈ మూడును పాత్రలోని పాల లెక్కలే. ఆ సాయంకాలమున పిల్లవాడు ఏమి చూచెనో, దేనికి భయపడెనో, ఏ వింత కనిపెట్టెనో అడుగుటకు అతనికి ఓపిక మిగులదు. మిగిలినను బిడ్డ అప్పటికి నిద్రించియుండును.

బిడ్డను జంగమునితో పోల్చుట శాస్త్రసమ్మతము కాదని ఆక్షేపింపవచ్చును. జంగముడు గురుస్వరూపుడు, దీక్ష నిచ్చువాడు, బిడ్డ అట్టివాడు కాడు. నిజమే. కాని గడప యొద్దకు వచ్చి నిలిచి, తనకు చెందవలసినదానిని అడిగి, ఇచ్చినంత పుచ్చుకొని, ఈయనిచో మరలిపోవు లక్షణము ఇద్దరికిని సమానమే. దాసోహమనగా వండి మిగిలినది పెట్టుట కాదు, అతిథికై వండుట. దినములో మిగిలిన తుదిక్షణములను, అలసి సొలసిన శరీరమును బిడ్డకిచ్చుట దాసోహము కాదు.

లోకమున దీనికి చట్టములు కొన్ని పుట్టుచున్నవి. పనివేళ దాటిన పిదప పిలుపులకు బదులీయకుండు హక్కును ఫ్రాన్సు దేశము 2017 జనవరినుండి అమలుచేసెను, ఆస్ట్రేలియా 2024లో ఇచ్చెను. మన లోక్‌సభలో ఇట్టి ప్రైవేటు బిల్లులు వచ్చినను చట్టము కాలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన సవరణలు దినపు పని పరిమితిని పది గంటలకు పెంచి, వారమునకు 48 గంటల పరిమితిని అట్లే నిలిపినవి. 2017లో సవరింపబడిన ప్రసూతి ప్రయోజన చట్టము మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారముల సెలవునిచ్చి, ఆ పిమ్మట ఉభయుల సమ్మతితో ఇంటినుండి పని చేయుటకు వీలు కల్పించెను. ఏబదిమంది ఉద్యోగులున్న సంస్థ శిశుసంరక్షణ గృహము నడపవలెనని కూడ చెప్పెను. మంచిదే. కాని ఆ గృహము మాదాపూరులోని కార్యాలయము వద్ద ఉన్నచో ఇబ్రహీంపట్నపు తల్లికి దానివలన కలుగు మేలేమి?

చట్టము వచ్చువరకు బిడ్డ ఎదుగుట ఆగదు. ప్రదోషకాలము శివునకు ప్రియమైన వేళ. అమెరికా గడియారము పట్టుకొనినది సరిగా దానినే. అందులో అరగంటనైనను వెనుకకు తెచ్చుకొనుట ఈ కుటుంబముల మొదటి వ్రతము కావచ్చును. సమావేశమును అరగంట జరుపుమని మేనేజరును అడుగుటలో సిగ్గు లేదు. నోటిమాటగా కాక వ్రాతపూర్వకముగా, కారణము దాచక, తండ్రియే అడుగుట మరింత మంచిది. పిల్లల కొరకు తల్లి అడుగుట లోకమునకు అలవాటు, తండ్రి అడిగిననాడు అది తల్లుల సమస్య మాత్రమే కాదని కార్యాలయమునకు తెలియును. ఒప్పుకొనని చోట భార్యాభర్తలు వంతులు వేసికొనవలెను. ఒక సాయంకాలము ఒక తలుపు తెరచియుండవలెను, మరునాడు రెండవది. పంచాంగము చూచి పండుగలు గుర్తుంచుకొనునట్లు ఆ వంతులు గోడమీద వ్రాసికొనిన చిన్నవాడైనను చూచి, నేడు ఏ తలుపు తనదో తెలిసికొనును. తెలిసిన ఎదురుచూపునకును తెలియని ఎదురుచూపునకును చాల అంతరము కలదు.

ఆ అరగంటలో ఏమి చేయవలెనని పెద్ద ఆలోచన అక్కరలేదు. లాప్‌టాప్ మూసి, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఇష్టలింగపూజ చేయవచ్చును. విభూతి పండు పిల్లవాని చేతికిచ్చిన చాలు, మిగిలినది వాడే చూచుకొనును, ఇల్లంతయు తెల్లబడినను బెదరనక్కరలేదు. సెలవునాడు ఆడపిల్లను లోపలికి పిలిచి ఆ తెరమీద తామేమి చేయుదురో చూపవలెను. ఎవరో దూరదేశమువారి ఆసుపత్రి బిల్లులో, దుకాణపు లెక్కలో తప్పు దొర్లకుండ చూచుటయే ఈ పని యని చెప్పిన తొమ్మిదేండ్ల పిల్లకు తప్పక అర్థమగును. కొండపల్లి బిడ్డకు అంబారీ ఏనుగు కనబడినట్లు ఆమెకును తల్లి కాయకము కనబడును. అపుడు మూసిన తలుపు వెనుక ఉన్నది తనపై విముఖత కాదని ఆమె తెలిసికొనును, తమ్మునికి తానే చెప్పును.

నాయనమ్మ సంగతి ఇంతవరకు ఎవరును తలపలేదు. ఇట్టి ఇండ్లలో ఎవరును తలపరు. ఉదయము బడి సంచి సర్దుటనుండి రాత్రి చిన్నవానిని జోకొట్టువరకు జీతము లేని షిఫ్టు ఆమెది, దానికి గేటు లేదు, సెలవు లేదు. ఇష్టలింగమును కరపీఠమున నిలిపి దృష్టి నిలుపుకొనవలసిన వేళలో ఆమె దృష్టి చిన్నవాడు గ్యాసుపొయ్యి వద్దకు పోవునేమోయని వంటింటివైపు పోవుచుండును. మోకాళ్ల నొప్పులను ఎవరికిని చెప్పదు, చెప్పిన కోడలు ఉద్యోగము మానవలసి వచ్చునని ఆమె భయము. తలుపు తెరచిన ఆ అరగంటలో పిల్లలను చూచుపని ఆమెపై నుండరాదు. ఆమె తన పీట వేసికొని, కనులు మూసికొని, పూజ పూర్తిగా చేసికొనవలెను.